ప్యాకెట్ మీద "యాంటీఆక్సిడెంట్ పవర్" అని ఉంది, అమ్మ షుగర్ మాత్ర తగ్గించేసింది. ఏం చేయాలి?

పాకాల కుర్రోడు:

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీలు చేసుకునేవాణ్ణి. అమ్మానాన్న పాకాలలో ఉంటారు. అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటుంది. మొన్న ఒక పెళ్లికని తిరుపతికి వచ్చినప్పుడు మా పిన్ని ఆమెను వెంటబెట్టుకొని పోయి ఒక మూలికల అంగట్లో పొడి ప్యాకెట్లు ఇప్పించింది. అంగడి పేరు వద్దులెండి.

ప్యాకెట్ మీద "శేషాచలం కొండల మూలికలు, యాంటీఆక్సిడెంట్ పవర్" అని పెద్ద అక్షరాలు. దాని కింద ఓఆర్‌ఏసీ అని వేలల్లో ఒక అంకె. "యూనివర్సిటీ పరిశోధనల్లో రుజువైంది" అని ఇంకో లైను. లోపల ఏమున్నాయంటే తెల్ల కరక్కాయ, మొగి నేరేడు గింజ, పొడపత్రి, నేలవేము, తిప్పతీగ, ఉసిరి, సుగంధిపాల, ఇంకా ఏవేవో. వీటితోబాటు ఎర్రచందనం గ్లాసు అని ఒక చెక్క గ్లాసు కూడా అంటగట్టినారు. రాత్రి నీళ్లు పోసిపెట్టి పొద్దున పరగడుపున తాగాలంట.

మొదట్లో మాత్ర వేసుకుంటూనే, రోజూ చెంచాడు పొడి నీళ్లలో కాచుకొని తాగింది. ఒకరోజు పదకొండు గంటలప్పుడు చేతులు వణికి, ఒళ్లంతా చెమట పట్టి కూలబడిపోయిందంట. మీటరు పెట్టి చూసుకోలేదు. "చూడు, పొడి పని చేస్తా ఉంది, ఇంక మాత్ర ఎక్కువైపోయింది" అని తనకు తానే రాత్రి మాత్ర మానేసింది. ఇప్పుడు పరగడుపు షుగర్ 190 చూపిస్తా ఉంది. అడిగితే "కొండ మూలికలకు సైడ్ ఎఫెక్టులు ఏముంటాయిరా" అంటుంది. ఎండలకు రోజూ నన్నారి షర్బత్తు కూడా తాగుతా ఉంది, అది కూడా యాంటీఆక్సిడెంటే అంట.

నేను గూగుల్‌లో వెతికితే ఈ మొక్కల పేర్లతో నిజంగానే బోలెడు పేపర్లు ఉన్నాయి. అన్నింట్లోనూ యాంటీఆక్సిడెంట్ గుణం బాగా ఉందనే రాసినారు. అంటే ప్యాకెట్ మీద ఉన్నది నిజమా, అబద్ధమా? అమ్మకు ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.


బజారువీధి:

మా తాత 92 ఏళ్లు బతికినాడు. ఒక్క ఇంగ్లీషు మాత్ర మింగలేదు. కరక్కాయ, ఉసిరికాయ, అంతే. ఆపొద్దని చెప్పండి.


పాత ల్యాబ్ అక్క:

తమ్ముడూ, పేపర్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు అమ్మ సంగతి. గ్లిమిపిరైడ్ వేసుకునే మనిషికి వణుకు, చెమట, కూలబడటం వచ్చినాయంటే మొదట అనుమానించాల్సింది షుగర్ పడిపోవడాన్ని. ఆ మందు క్లోమం చేత ఇన్సులిన్ బలవంతంగా విడుదల చేయిస్తుంది. మనం టిఫిన్ తిన్నామా లేదా అని చూడదు. దానికి పొడపత్రిలాంటిది తోడైతే ఇంకా కిందికి దిగొచ్చు. లేదంటే పెళ్లి అలసటలో ఆ పూట తిండి ఆలస్యమై ఉండొచ్చు. మీటరు చూడలేదు గనక ఏది కారణమో ఇప్పుడు ఎవరమూ చెప్పలేం. ఇంకోసారి అలా అయితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, పావుగంట ఆగి మీటరు పెట్టండి, 70 కంటే తక్కువుంటే మళ్లీ ఇవ్వండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇప్పటికి పొడి ఆపించి, ఆ రాత్రి మాత్ర ఎట్లా మొదలుపెట్టాలో డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. పొడి సంగతి కూడా ఆయనకు దాచకుండా చెప్పండి. చాలామంది దాస్తారు, తిడతారని.

ఇంక మీరు అడిగింది. నేను తిరుపతిలో బయోకెమిస్ట్రీ ల్యాబులో చాలా ఏళ్లు పని చేసినదాన్ని. ఎమ్మెస్సీ పిల్లలు, పీహెచ్‌డీ పిల్లలు సంచుల్లో ఆకులు, బెరళ్లు పట్టుకొని వచ్చేవాళ్లు. నీడన ఆరబెట్టడం, మిక్సీలో కొట్టడం, మెథనాల్‌లో నానబెట్టి వడగట్టడం, ఆ తర్వాత యాంటీఆక్సిడెంట్ పరీక్ష. మీరు చూసిన పేపర్లలో నూటికి తొంభై ఈ దారినే వచ్చి ఉంటాయి. కాబట్టి ఆ పరీక్షలో కళ్లకు ఏం కనబడుతుందో చెప్తాను, ఆ తర్వాత ప్యాకెట్ గురించి మీరే అనుకుందురుగానీ.

యాంటీఆక్సిడెంట్ అంటే ఎలక్ట్రానో హైడ్రోజనో ఇచ్చి, ఫ్రీ రాడికల్స్ అనే చురుకు అణువులను చల్లబరిచే పదార్థం. ఆ గుణం చూడటానికి ఎక్కువగా చేసేది డీపీపీహెచ్ పరీక్ష. 1958లో బ్లోయిస్ అనే ఆయన నేచర్ పత్రికలో రాసిన పద్ధతి. డీపీపీహెచ్ అనేది ఒక రసాయనం, చిన్న సీసాలో నల్లటి పలుకులుగా వస్తుంది. వాటిని చిటికెడు మెథనాల్‌లో కరిగిస్తే నేరేడుపండ్లు తిన్న నాలుక రంగు వస్తుంది. వెలుతురు తగిలితే పాడవుతుందని గొట్టాలకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి పెడతాం. ఒక్కో గొట్టంలో మూలిక సారం కొంచెం కొంచెంగా పెంచుకుంటా పోసి, అరగంట చీకట్లో ఉంచుతాం. తీసి చూస్తే ముందు గొట్టం ఊదాగానే ఉంటుంది, తర్వాతవి పాలిపోతా వచ్చి చివరి దానికల్లా లేత పసుపు. ఆ పాలిపోవడాన్ని 517 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలుస్తాం. రంగు సగానికి సగం తగ్గడానికి ఎంత సారం పట్టిందో ఆ అంకె పేరు ఐసీ50. అది ఎంత చిన్నదైతే మొక్కకు అంత పేరు. పక్కనే పోలికకు విటమిన్ సి గొట్టాలు పెడతాం.

చూడటానికి బాగుంటుంది. మొదటిసారి చేసే పిల్లలు ఫోన్లు తీసి ఫోటోలు కొట్టుకునేవాళ్లు. కానీ ఆ ఊదా పదార్థం మన ఒంట్లో ఎక్కడా ఉండదు. జత లేని ఎలక్ట్రాన్ ఒకటి పెట్టుకొని, సీసాలో నెలల తరబడి పాడవకుండా కూచునే కృత్రిమ పదార్థం అది. మన కణాల్లో పుట్టే సూపరాక్సైడ్, హైడ్రాక్సిల్ లాంటి ఫ్రీ రాడికల్స్ కన్ను మూసి తెరిచేలోపు పుట్టి పోయే రకం. ఆ గొట్టంలో తెలిసేది ఒక్కటే, ఈ సారంలో ఎలక్ట్రానో హైడ్రోజనో ఇచ్చే గుణమున్న పదార్థాలు ఉన్నాయి అని. అంతే.

అలాంటివి లేని మొక్క ఏదీ? ఎండ దెబ్బ నుంచి, పురుగుల నుంచి తమను కాపాడుకోవడానికి మొక్కలన్నీ ఫీనాలిక్ పదార్థాలు (పాలీఫీనాల్స్ అన్నా ఇవే) తయారుచేసుకుంటాయి. వేరుశనగ విత్తనాలు వేయించి, అరచేతుల్లో నలిపి ఊదేస్తామే ఎర్ర పొట్టు, దాని సారం వేసి చూడండి, ఊదా రంగు గబుక్కున పోతుంది. చింతగింజల పొట్టు, దానిమ్మ తొక్క, టీ డికాక్షన్, మన చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల్లో మిగిలిపోయే మామిడి టెంకల్లోని జీడి, అన్నీ ఈ పరీక్ష ఫస్టు క్లాసులో పాసవుతాయి. ఆ లెక్కన శేషాచలం ఎక్కాల్సిన పనే లేదు, వేరుశనగ మిల్లుకు పోతే చాలు. మీరు చదివిన పేపర్లు అబద్ధం కాదు. మొక్క అయినందుకే దాదాపు ఏదైనా పాసయ్యే పరీక్ష అది.

పరీక్షలో మెలికలు కూడా ఉన్నాయి. ఎర్రచందనం చెక్క సారమే తీసుకోండి. అందులో సాంటలిన్ అనే ఎర్ర రంగు ఉంటుంది. అది కూడా 500 నానోమీటర్ల చుట్టుపక్కలే కాంతిని పీల్చుకుంటుంది. మనం కొలిచేది 517 దగ్గర. డీపీపీహెచ్ లేకుండా ఒట్టి సారం గొట్టం వేరేగా పెట్టి దాని విలువ తీసేయకపోతే లెక్క మొత్తం తప్పు. ఆ ఒట్టి గొట్టం పెట్టినారా లేదా అనేది నేను ఏ పేపర్లోనైనా మొదట వెతికే విషయం. చాలాసార్లు ఆ ముక్కే కనబడదు.

ఇంకొకటి. మేము వాడేది మెథనాల్. మీ అమ్మ కాచుకునేది నీళ్లు. రెండింటిలోకి దిగే పదార్థాలు ఒకటి కావు. మెథనాల్ సారంలో వచ్చిన అంకెను నీళ్ల కషాయానికి అంటించడం ఏ విధంగానూ కుదరదు.

గొట్టం దాటి ఎలుకల దాకా పోయిన పేపర్లు ఉంటాయి. స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి ఎలుకకు షుగర్ తెప్పించి, కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల సారం తాగించినాము, షుగర్ తగ్గింది అని రాస్తారు. ఎలుక మోతాదును మనిషి మోతాదుగా మార్చే లెక్కలో దాన్ని 6.2తో భాగిస్తే కిలోకు సుమారు 65 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి దగ్గర దగ్గర 4 గ్రాముల సారం. పొడి కాదు, సారం. పది గ్రాముల పొడికి ఒక గ్రాము సారం దిగుతుందనుకుంటే 40 గ్రాముల పొడి, రోజూ. చెంచాడు పొడి ఆ లెక్కకు దరిదాపుల్లో లేదు. ఆ ఎలుక షుగర్ కూడా మీ అమ్మ షుగర్ లాంటిది కాదు. స్ట్రెప్టోజోటోసిన్ క్లోమంలోని ఇన్సులిన్ కణాలనే చంపేస్తుంది.

ఆ ఓఆర్‌ఏసీ అంకె సంగతి వింటే నవ్వొస్తుంది. అది కూడా యాంటీఆక్సిడెంట్ శక్తిని గొట్టంలో కొలిచే ఇంకో పరీక్షే. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఆహార పదార్థాల ఓఆర్‌ఏసీ విలువల పట్టికను తన వెబ్‌సైటులో పెట్టింది. కంపెనీలు ఆ అంకెలను డబ్బాల మీద వేసుకొని అమ్ముకోవడం మొదలుపెట్టేసరికి 2012లో తీసేసింది. గొట్టంలో వచ్చే ఆ విలువలకు, ఒంట్లో జరిగేదానికి సంబంధం కనబడటం లేదని కారణం కూడా చెప్పింది. వాళ్లు ఎప్పుడో పక్కన పడేసిన కొలత మన ప్యాకెట్ మీద ఇంకా మెరుస్తా ఉంది.

మింగిన తర్వాత ఏమవుతుంది? ఈ పాలీఫీనాల్స్‌లో చాలా భాగం పేగు దాటవు. దాటినవాటిని పేగు గోడ, కాలేయం పట్టుకొని వేరే రూపాల్లోకి మార్చి ఒంట్లోంచి బయటికి పంపించేస్తాయి. రక్తంలో మిగిలేది చాలా తక్కువ. అదే రక్తంలో మన ఒళ్లు తయారుచేసుకున్న యూరిక్ యాసిడ్ ఎప్పుడూ అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, అదీ యాంటీఆక్సిడెంటే. యాపిల్ పండ్లు తిన్నాక రక్తంలో యాంటీఆక్సిడెంట్ శక్తి పెరుగుతోంది, అది పండులోని ఫ్లేవనాయిడ్లు అనే ఫీనాలిక్ పదార్థాల మహిమ అని అనుకునేవాళ్లు. 2004లో అమెరికాలో లొటిటో, ఫ్రై అనే ఇద్దరు పరీక్షించి, పెరిగింది ముఖ్యంగా యూరిక్ యాసిడ్ అని, దానికి కారణం పండులోని ఫ్రక్టోజ్ చక్కెర అని తేల్చినారు.

ఎక్కువ యాంటీఆక్సిడెంట్ అయితే ఎక్కువ మేలు అనే మాటను మనుషుల మీద కూడా పరీక్షించినారు. ఫిన్లాండులో 29 వేల మంది పొగ తాగే మగవాళ్లకు ఏళ్ల తరబడి బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రలు ఇచ్చి చూసినారు. 1994లో ఫలితాలు వచ్చినాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. విటమిన్ ఇ మాత్రలతో ప్రోస్టేట్ క్యాన్సర్ పెరిగిందని 2011లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. ఫ్రీ రాడికల్స్ అంటే తరిమికొట్టాల్సిన దొంగలు అన్నట్టు రాస్తారు గానీ, క్రిములను చంపడానికి తెల్లకణాలు వాడే ఆయుధం కూడా అవే. కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకోవడానికీ అవి కావాలి.

ఇంత చెప్పినానని ఈ మొక్కలన్నీ వట్టివి అనేది నా మాట కాదు. పొడపత్రి ఆకు ఒకటి బాగా నమిలి, మీద చక్కెర వేసుకోండి. నోట్లో పలుకులు తగులుతాయి, తీపి మాత్రం తెలియదు. జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను కాసేపు కప్పేస్తాయి. ఇంత గట్టిగా పని చేసే ఆకు ఒంట్లో ఏమీ చేయదని ఎట్లా అంటాం? వేగిస చెట్టు చెక్క మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లే పరీక్ష చేయించి 1998లో ఫలితాలు వేసినారు, కొత్తగా షుగర్ వచ్చినవాళ్లలో చాలామందికి తగ్గింది. పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన గుంపు లేదు, అది దాని లోటు. ఇవి పని చేస్తే చేయొచ్చు. కానీ పని చేసేది ఒక ప్రత్యేక పదార్థం, ఒక ప్రత్యేక మోతాదులో. "యాంటీఆక్సిడెంట్ పవర్" అనే మాట ఆ విషయంలో మనకు ఏమీ చెప్పదు. పని చేస్తుంది అంటే మందే కదా, మందుకు సైడ్ ఎఫెక్టు లేకుండా ఎట్లా ఉంటుంది? అమ్మకు ఆ ప్రశ్న వేయండి.

ప్యాకెట్‌లో నాకు భయం పుట్టించిన పేరు తిప్పతీగ. కరోనా అప్పుడు జనం ఎగబడి కషాయాలు తాగినారు గుర్తుందా? 2020 చివర్లో ముంబయి డాక్టర్లు తిప్పతీగ తాగి కాలేయం దెబ్బతిన్న కేసులు చూసి, 2021లో ప్రచురించినారు. ఆ తర్వాత వేరే ఊళ్లలోనూ బయటపడినాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, మొక్కను సరిగ్గా గుర్తించలేదని వాదించింది. ఎవరి మాట ఎట్లా ఉన్నా, అమ్మకు ఒకసారి లివర్ పరీక్ష, కిడ్నీల పనితనం చూసే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పెద్ద ఖర్చు కాదు.

గ్లాసు గురించి. షుగర్‌కు నీళ్లు పోసుకొని తాగే చెక్క మన పెద్దల అలవాటులో వేగిస, ఎర్రచందనం కాదు. రెండూ వేరే చెట్లే గానీ ఒకే ప్రజాతికి చెందిన దగ్గరి చుట్టాలు, అందుకే ఈ గందరగోళం. సాంటలిన్ నీళ్లలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. రాత్రి పోసిన నీళ్లు పొద్దునకు ఎర్రగా మారుతున్నాయంటే అది ఎర్రచందనం మహిమ కాదు, పైన పూసిన రంగు అయినా కావచ్చు. గోధుమరంగుకు తిరిగి, వెలుతురులో అంచున నీలంగా మెరిస్తే వేగిస అయ్యుండొచ్చు. నిజంగా ఎర్రచందనమే అయితే ఆ అంగడివాణ్ణి బిల్లు, అటవీ శాఖ పర్మిట్ అడగండి, ముఖం ఎట్లా మారుతుందో చూడొచ్చు.


చిత్తూరు వైద్యుడు:

నేను బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) చదివి చిత్తూరులో ప్రాక్టీసు చేస్తున్నాను. పైన అక్కగారు చెప్పినదానిలో ఎక్కువ భాగం ఒప్పుకుంటాను, ఒక్క మాట కలుపుతాను. మా శాస్త్రంలో యాంటీఆక్సిడెంట్ అనే వర్గమే లేదు. రసాయనం (ఒంటికి బలం, ఆయుష్షు ఇచ్చే మందు) అని ఉంది, దానికి మోతాదు, అనుపానం (దేనితో కలిపి తీసుకోవాలి), పథ్యం, రోగి బలాబలాలు అన్నీ చూడాలి. ఊదా రంగు పోయినంత మాత్రాన ఉసిరికాయ రసాయనం కాలేదు. అలాగే గొట్టం పరీక్షకు విలువ లేదు గనక మందుకూ విలువ లేదు అని ఎవరూ అర్థం చేసుకోకూడదు.

ఆ ప్యాకెట్ మాత్రం ఆయుర్వేదం అనిపించుకోదు. త్రిఫలలో వేసేది కరక్కాయ. శేషాచలంలో దొరికే తెల్ల కరక్కాయ వేరే జాతి, మన గ్రంథాల్లోని హరీతకి అది కాదు. ఒక్కో మూలిక ఎంత పాళ్లలో ఉందో రాయకుండా ఇన్ని కలిపేస్తే, ఏదైనా తేడా వస్తే దేని వల్లనో వైద్యుడికి కూడా తెలియదు. తయారీ తేదీ చూడండి. శార్ఙ్గధర సంహిత ప్రకారం చూర్ణం రెండు నెలలు దాటితే వీర్యం, అంటే మందు బలం, తగ్గుతుంది. అంగళ్లలో ఏడాది పాతవి కూడా అమ్ముతారు.

ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబరు ఉండాలి. ఆహారంగా అమ్మితే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. రెండూ లేకపోతే ఆ పొడి ఎవరు ఎక్కడ దంచినారో అడిగే దిక్కు లేదు. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం కిందే నేరం. అందుకే తెలివైనవాళ్లు షుగర్ అనే మాట రాయకుండా "యాంటీఆక్సిడెంట్" అని రాస్తారు. అమ్మగారికి ఆయుర్వేదం మీద నమ్మకముంటే తిరుపతిలో టీటీడీ వారి ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది కదా, ఇంగ్లీషు మందుల చీటీతో సహా అక్కడ చూపించండి. అంగట్లో కొనకండి.


కొండకింద పల్లె:

నాది రంగంపేట పక్కన పల్లె. చదువుకున్నవాళ్లు అంతా చెప్పినారు, నాకు తెలిసింది గడ్డల సంగతి. ప్యాకెట్‌లో సుగంధిపాల అని రాసినా లోపల ఉండేది మారేడు గడ్డ అనే నా అనుమానం. సుగంధిపాల వేరు సన్నంగా తీగలాగా ఉంటుంది, కిలో పోగు చేయాలంటే నడుములు పోతాయి. మారేడు గడ్డ లావుగా, కండ పట్టి, బండల సందుల్లోకి దిగి ఉంటుంది. వాసన రెండింటికీ ఒకటే. తిరుపతిలో ఎండాకాలం బండ్ల మీద నన్నారి పాకానికి వాడేది ఎక్కువగా ఈ మారేడు గడ్డే. మా ఇంట్లో దాన్ని మాగాలి అంటాం. పైతొక్క గీకి, చీల్చి, నడిమి పుల్ల లాగేసి, మిగిలిన కండను సన్నగా తరిగి మజ్జిగలో ఊరగాయ పెడతాం. గది గదంతా వాసన పట్టేస్తుంది, మూడు రోజులు పోదు.

మందు అని పేరు పడినప్పటి నుంచి ఈ గడ్డను బతకనివ్వడం లేదు. కొమ్మ కోస్తే మళ్లీ చిగురుస్తుంది, ఇది గడ్డతో సహా పెకలిస్తే తీగ చచ్చినట్టే. మా నాయన కాలంలో తవ్వేవాళ్లు ఒక పాయ వదిలిపెట్టేవాళ్లు. ఇప్పుడు అంగళ్లవాళ్లు బరువు లెక్కన కొంటా ఉంటే ఎవడు వదులుతాడు? అడవి నేషనల్ పార్కు అయింది, బయోస్ఫియర్ రిజర్వు అయింది, ఫారెస్టు వాళ్ల కళ్లన్నీ ఎర్రచందనం దుంగల మీదే. గడ్డల సంచిని పట్టించుకునేవాడు లేడు. మొగి నేరేడు, తెల్ల కరక్కాయ కూడా ఈ కొండలు, చుట్టుపక్కల తూర్పు కనుమలు దాటితే పెద్దగా దొరకవు. మొగి గింజను కూడా పొడి కొట్టి అమ్మేస్తే కొత్త చెట్టు ఎక్కడి నుంచి మొలుస్తుంది?


పాత ల్యాబ్ అక్క:

కొండకింద అన్నా, గడ్డ విషయం మంచిగా చెప్పినారు. ఆ వాసన ఇచ్చే పదార్థానికి, వెనిల్లాలోని వెనిలిన్‌కు అణువులో పరమాణువులన్నీ ఒకటే, అమరికే వేరు. మైసూరు వైపు శాస్త్రవేత్తలు ఈ మారేడు గడ్డ మీద యాంటీఆక్సిడెంట్ పరీక్షలు చాలా చేసినారు, ఫలితాలు బాగానే వచ్చినాయి. కానీ తమ్ముడూ, బండి మీద అమ్మే నన్నారి గ్లాసులో గడ్డ సారం కంటే చక్కెర పాకమే ఎక్కువ. షుగర్ ఉన్న మనిషి యాంటీఆక్సిడెంట్ అని రోజూ పాకం తాగుతుంటే పరగడుపు షుగర్ 190 ఉండక ఏముంటుంది? ముందు ఆ గ్లాసు ఆపించండి. మాగాలి ఊరగాయ ముక్క ఒకటి మజ్జిగన్నంలో నంచుకుంటే నేనేం అననులే, ఉప్పు చూసుకోమనండి.

బజారువీధి అన్నకు: తాతగారు 92 ఏళ్లు బతికింది సంతోషమే. ఆయన కాలంలో అదే కరక్కాయ తిని 50కే పోయినవాళ్ల గురించి చెప్పడానికి వాళ్ల మనవళ్లు ఇక్కడికి రారు కదా.


పాకాల కుర్రోడు:

అందరికీ చాలా థ్యాంక్స్. లీవు పెట్టి ఇంటికి వచ్చినాను. డాక్టరుతో మాట్లాడినాను, పొడి ఆపమన్నారు. మాత్ర మార్చి, రాత్రికి గ్లిమిపిరైడ్ లేకుండా ఒట్టి మెట్‌ఫార్మిన్ ఇచ్చినారు. లివర్, క్రియాటినిన్‌కు రక్తం ఇచ్చినాము. ప్యాకెట్ మీద లైసెన్సు నంబరు ఏదీ లేదు, తేదీ కూడా లేదు. గ్లాసులో నీళ్లు ఎర్రగానే అవుతున్నాయి. తెల్ల గుడ్డతో లోపల తుడిస్తే గుడ్డకు అంటింది! పిన్నికి ఫోటో పంపినాను, ఇంకా జవాబు లేదు.

అమ్మకు సైడ్ ఎఫెక్టుల మాట ఎక్కలేదు గానీ, నన్నారిలో చక్కెర అనేది ఎక్కింది. "అయితే ఏం తినాలో చెప్పమను మీ అక్కను" అంటా ఉంది. మునగాకు పొడి, ఉసిరి వాడొచ్చా? నాన్నకు కూడా పెట్టొచ్చా? ఆయనకు గుండె వాల్వు ఆపరేషన్ అయింది, రక్తం పలుచన చేసే మాత్ర వేసుకుంటాడు.


పాత ల్యాబ్ అక్క:

అమ్మకు నమస్కారం చెప్పు. పొడిగా, మందుగా వద్దు, వంటలోకి ఏదైనా పర్వాలేదు. మునగాకు పప్పులో వేసుకోవచ్చు, తాలింపులో వేసుకోవచ్చు. ఉసిరికాయ పచ్చడి చేసుకోవచ్చు, నూనె ఉప్పు తగ్గించి. మదనపల్లె టమాటా మన పక్కనే, దాన్ని నూనెలో మగ్గనిస్తే పచ్చిదానికంటే లైకోపీన్ బాగా ఒంటబడుతుంది. వేరుశనగలు పొట్టుతో సహా ఒక గుప్పెడు. సంకటి ముద్ద మాత్రం సైజు తగ్గించాల. రాగి అయినా పిండిపదార్థమే, తిన్నాక రెండు గంటలకు మీటరు పెట్టి చూసుకుంటే ఎంత ముద్ద సరిపోతుందో ఆమెకే తెలుస్తుంది.

నాన్న సంగతి వేరు, అది నువ్వు మొదటే చెప్పాల్సింది. వాల్వుకు వేసుకునే మాత్ర వార్ఫరినో, ఎసినోకౌమరాలో అయితే అది విటమిన్ కె పనిని అడ్డుకొని రక్తాన్ని పలుచన చేస్తుంది. మునగాకులాంటి ఆకుకూరల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. ఇన్నాళ్లూ తినని మనిషికి ఒక్కసారిగా రోజూ మునగాకు పొడి పెడితే మాత్ర పనితనం తగ్గి వాల్వు మీద రక్తం గడ్డకట్టొచ్చు. ఆకుకూర మానేయాల్సిన పని లేదు, వారం వారం ఒకే మోతాదులో ఉండాలి, అంతే. మూలికల పొడుల్లో కొన్ని దీనికి తిరగబడి రక్తాన్ని ఇంకా పలుచన చేసేవీ ఉంటాయి.

ఆ ప్యాకెట్ పొడి ఆయన కూడా తాగినాడా? అమ్మ ఒక్కతే చెంచాడు వేసుకొని ఆయనకు ఇవ్వకుండా ఉండి ఉంటుందంటే నాకు నమ్మకం లేదు. అడిగి చెప్పు. తాగి ఉంటే రక్తం ఎంత పలుచగా ఉందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షకు నెల చెకప్ దాకా ఆగొద్దు, రేపు పొద్దున్నే చేయించు.